నీరసం అనగానే ఐరన్ మాత్రేనా?

గుంటూరు నుంచి మా అత్తయ్యగారు వచ్చిన వారానికే "ఒంట్లో ఓపిక ఉండట్లేదమ్మా" అన్నారు. మనకు తెలిసిన వైద్యం ఒకటే కదా! ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే ఐరన్ మాత్రలు తెచ్చిచ్చాను. వాటికి తోడు రోజూ ఖర్జూరాలు, నువ్వులుండలు. రెండు నెలలైనా నీరసం తగ్గలేదు.

రక్తపరీక్షలు చేయిస్తే హిమోగ్లోబిన్ బాగానే ఉంది. ఫెరిటిన్ మాత్రం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. దాంతోపాటు హెపటైటిస్ సి కూడా బయటపడింది. "ముందు ఆ ఐరన్ ఆపండి" అన్నారు డాక్టరమ్మ.

ఎప్పుడో మావారు పుట్టినప్పుడు ఆవిడకు రక్తం ఎక్కించారు. మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంతకుముందు రక్తం ఎక్కించుకున్న అమ్మలు, అత్తలు మన ఇళ్లలో ఎంతమందో!

మన ఒంటికి అదనపు ఇనుమును బయటికి పంపే దారి లేదు. పేగులు ఎంత పీల్చుకోవాలో అదుపుచేసేది హెప్సిడిన్ అనే హార్మోను. దాన్ని తయారుచేసేది కాలేయమే. హెపటైటిస్ సి వైరస్ ఆ హెప్సిడిన్‌ను తగ్గించేస్తుంది. దాంతో ఇనుము ఎక్కువగా ఒంట్లో చేరి కాలేయంలో పేరుకోవచ్చు. అసలే వైరస్‌తో వాచిన కాలేయాన్ని అది ఇంకా దెబ్బతీస్తుంది. నెలసరి వచ్చినన్నాళ్లూ ఆడవాళ్లకు కొంత ఇనుము పోతూ ఉంటుంది. అది ఆగిపోయాక ఆ రక్షణ కూడా ఉండదు.

అయితే ఫెరిటిన్ ఒక్కటే చూసి కంగారుపడకూడదు. కాలేయం వాచినా అది పెరుగుతుంది. అందుకే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూస్తారు. అది 45 శాతం దాటితే ఇంకా లోతుగా పరీక్షిస్తారు. కాలేయంలో ఇనుము ఎంతుందో ఎమ్మారై స్కాన్‌తో తెలుసుకోవచ్చు.

అలాగని హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లెవరూ ఐరన్ వేసుకోకూడదని కాదు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవాళ్లకు, గర్భిణులకు నిజంగానే అవసరం పడొచ్చు. డాక్టరు రాసిన మాత్రలు సొంతంగా మానేయకండి. గోంగూర, తోటకూర భయపడి వదిలేయక్కర్లేదు. మందు మాత్రం మందే. పరీక్ష లేకుండా మొదలుపెట్టకూడదు.

మంచి కబురేమిటంటే, హెపటైటిస్ సి ఇప్పుడు నయమయ్యే జబ్బు. 8 నుంచి 12 వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా వైరస్ పోతుంది. హెపటైటిస్ బి పూర్తిగా పోవడం అరుదు కానీ, మందులతో అదుపులో ఉంచవచ్చు. ఇంట్లో మిగతావాళ్లకు టీకా ఉంది.

అత్తయ్యగారు గుంటూరు వెళ్లి 12 వారాలు మందు వాడారు. వైరస్ పోయింది, ఫెరిటిన్ కూడా దిగింది. మొన్న ఫోన్‌లో "మీ అమ్మకీ చేయించావా ఆ టెస్టు?" అని అడిగారు. చేయించలేదు. ఆ రోజే అమ్మకు ఫోన్ చేశాను. మీరూ చేయండి.