గోదాముకు కరెంటు: ఇనుప పైపా, ప్లాస్టిక్ పైపా?

పలాస-కాశీబుగ్గ జీడి వర్తకులకు, విజయనగరం, పార్వతీపురం వైపు అపరాలు, గోగునార నిల్వ చేసేవారికి దుకాణం వెనుక ఒక రేకుల షెడ్డు ఉండటం పరిపాటి. దుకాణంలోని మీటరు నుంచి ఆ షెడ్డుకు కరెంటు గాలిలో కట్టిన తీగ మీదుగా పోతుంది. తీగ దిగేచోట గోడకు ఏ పైపు బిగించాలన్నది చాలామంది పనివాడికే వదిలేస్తారు. పైపు ఖరీదు స్వల్పమే కాని, దాని కింద పేర్చిన 80 కిలోల పిక్కల బస్తాల విలువ స్వల్పం కాదు. గోగునార, జీడి తొక్కలు సులువుగా నిప్పంటుకునే సరుకులన్నది వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140-150 కిలోమీటర్లు. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. వీధి లైన్ల మరమ్మతు పంపిణీ సంస్థ చూసుకుంటుంది. మీటరుకు ఇవతలి తీగ మంచిచెడ్డలు మాత్రం యజమానివే.

లాగుడు మోసేది ఏది?

గాలికి ఊగే తీగ లాగుడంతా దానికి ఆధారంగా కట్టిన జి.ఐ. తీగపై, ఆ జి.ఐ. తీగను కట్టిన చోటుపై పడుతుంది. పి.వి.సి. పైపుకు ఆ లాగుడు మోసే శక్తి లేదు. పైగా ఎండకు కొన్నేళ్లలో పెళుసెక్కుతుంది. కనుక చూరు పైకి లేచే స్తంభపు పైపు జి.ఐ.దే కావాలి. లాగుడును గోడలో దించిన కొక్కెం మోసేటట్లయితే, నీడ పట్టున గోడ వెంట దిగే పైపు హెవీ రకం పి.వి.సి. అయినా సరిపోతుంది. షెడ్డు లోపలి పనికి అదే మేలు. తుప్పు బెడద లేదు.

సముద్రపు గాలి తగిలేచోట జి.ఐ. పైపు ముందుగా మర వద్ద తుప్పు పడుతుంది. మర కోసినప్పుడు జింకు పూత పోవటమే కారణం. అక్కడ వెంటనే రంగు వేయించాలి.

25 అంటే ఏ 25?

కొనుగోలులో తరచు వచ్చే చిక్కు ఇది. జి.ఐ. పైపుకు చెప్పే 25 మి.మీ. లోపలి రంధ్రపు కొలత. దాని వెలుపలి వ్యాసం సుమారు 33.7 మి.మీ. పి.వి.సి. కండ్యూట్‌కు 25 అంటే వెలుపలి వ్యాసమే. ఒకదాని బెండు మరొకదానికి పట్టదు. జి.ఐ. పైపులో పసుపు పట్టీ లైట్, నీలం మీడియం, ఎరుపు హెవీ రకానికి గుర్తు. 25 సైజులో వీటి మందం వరుసగా 2.6, 3.2, 4 మి.మీ. స్తంభపు పైపుకు నీలం పట్టీకి తగ్గరాదు. పి.వి.సి. కొనేటప్పుడు ఐ.ఎస్. 9537 ముద్ర చూడాలి.

పైపు లోపలి ఖాళీలో తీగలు 40 శాతానికి మించకుండా ఉంటే వేడి తక్కువ, రేపు తీగ మార్చటం సులువు. ఇనుప పైపులో ఫేజు, న్యూట్రల్ కలిసే వెళ్లాలి. విడివిడి పైపుల్లో వేస్తే పైపు వేడెక్కుతుంది. ఇనుప పైపుకు ఎర్తు తప్పనిసరి. పైన బెండు నోరు కిందికి తిరిగి ఉండాలి. తీగ పైపులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగితే వాన నీరు ఆ వంపు వద్దే కారిపోతుంది.

లారీ దారి

భద్రతా నిబంధనల ప్రకారం వీధిని దాటే లో టెన్షన్ తీగకు నేల నుంచి 5.8 మీటర్ల ఎత్తు ఉండాలి. వీధి కానిచోట ఇన్సులేషన్ గల తీగకు 4 మీటర్లు చాలు. అయితే నార బేళ్లు ఎత్తుగా వేసుకుని లారీలు వచ్చే ఆవరణలో 5.8 మీటర్లే క్షేమం. అంత ఎత్తు కుదరకపోతే ఆర్మర్డ్ కేబులు భూమిలో వేయించటం మేలు. హుద్‌హుద్ తరువాత విశాఖపట్నంలోనూ భూగర్భ కేబుళ్ల పనే చేపట్టారు. ఖర్చు ఎక్కువైనా గాలి భయం, లారీ భయం ఉండవు.

మీటరు తంటా

ఇంటి మీటరు నుంచి సరుకు షెడ్డుకు, లేదా అనుమతి లేని వేరొక ఆవరణకు తీగ లాగితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వాడకమవుతుంది. అలా వాడిన కరెంటుకు వర్తించే రేటుకు రెట్టింపు లెక్క కడతారు. పైపు ఎంచుకునే ముందు మీటరు ఏ కేటగిరీలో ఉన్నదో చూసుకోవటం మంచిది.

అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. పైపు బిగింపు, ఎర్తు, కొక్కెం సెప్టెంబరు లోపలే పరీక్ష చేయిస్తే నిల్వదారులకు ఆ రెండు నెలలు నిశ్చింత.