ఈ బొమ్మకు నాడి కొట్టుకుంటుంది! సిమ్‌మ్యాన్ 3జీ ఎలా పనిచేస్తుందో చూద్దాం

ఫోన్ స్పెక్స్ చూసీ చూసీ బోర్ కొట్టిందా? అయితే ఈసారి జేబులో పట్టని గ్యాడ్జెట్ గురించి చెబుతాను. సిమ్‌మ్యాన్ 3జీ అనేది నార్వేకి చెందిన లేర్డాల్ కంపెనీ చేసిన మనిషి సైజు బొమ్మ. 1960లో వచ్చిన సీపీఆర్ బొమ్మ 'రెససీ యానీ' కూడా వీళ్లదే. అంతకుముందు వీళ్లు పిల్లల ఆటబొమ్మలు చేసేవాళ్లు!

ముందు స్పెక్స్ చూద్దాం:

- ఊపిరి తీసుకుంటుంది. చెయ్యి పట్టుకుంటే నాడి తెలుస్తుంది.
- కంట్లో టార్చ్ వేస్తే కంటిపాప చిన్నదవుతుంది. చెమట, కన్నీళ్లు కూడా వస్తాయి.
- ఏ మందు, ఎంత డోసు ఇచ్చారో ఆర్ఎఫ్ఐడీతో గుర్తుపడుతుంది. మన ఫాస్టాగ్‌లో ఉండేదీ ఇదే టెక్నాలజీ.
- మొత్తం వైర్‌లెస్. ఇన్‌స్ట్రక్టర్ పక్క గదిలో కూర్చుని 'పేషెంట్' పరిస్థితిని మార్చేయొచ్చు.

కానీ నాకు నచ్చింది ఇవేవీ కాదు. దీని చుట్టూ జరిగే టీమ్ ట్రైనింగ్.

మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ స్టూడెంట్లు చదివేది వేర్వేరుగా, పనిచేసేది మాత్రం ఒకే బెడ్ దగ్గర. అందుకే ముగ్గురినీ కలిపి ఒక సీన్ ఇస్తారు. ఉదాహరణకి, ఇంజెక్షన్ పడక పేషెంట్‌కి తీవ్రమైన అలర్జీ వచ్చింది. "ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి" అని గాల్లోకి అంటే, గ్రూపులో "ఎవరైనా చూడండి" అని పెట్టిన మెసేజ్‌లాగే ఉంటుంది. ఎవరూ కదలరు, లేదా ఇద్దరూ ఇచ్చేస్తారు. అదే "సునీతా, అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు, తొడ కండరంలోకి" అంటే, సునీత అదే మాట తిరిగి చెప్పి, ఇచ్చాక "ఇచ్చాను" అంటుంది. దీన్నే క్లోజ్డ్ లూప్ కమ్యూనికేషన్ అంటారు. డబుల్ టిక్ పడ్డట్టన్నమాట.

మరి సీనియర్ తప్పు డోసు చెబితే? 2006లో అమెరికాలో వచ్చిన 'టీమ్‌స్టెప్స్' శిక్షణలో దీనికో రూల్ ఉంది: ఒకసారి చెబితే పట్టించుకోలేదా, రెండోసారీ చెప్పాలి. ఇలాంటి శిక్షణకి దారి చూపింది విమానయానం. 1977 టెనెరిఫె ప్రమాదంలో, రన్‌వే మీద ఇంకో విమానం ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీర్ అడిగినా కెప్టెన్ కొట్టిపారేశాడు. 583 మంది చనిపోయారు.

సీన్ అయ్యాక అసలు పాఠం మొదలవుతుంది. అందరూ కూర్చుని రికార్డయిన వీడియో చూస్తూ ఎవరు ఏం చెప్పారో, ఎవరికి వినపడలేదో మాట్లాడుకుంటారు.

నా వెర్డిక్ట్: హార్డ్‌వేర్ సూపర్. కానీ కాలేజీకి అంత బడ్జెట్ లేకపోతే మామూలు బొమ్మతో కూడా మొదలుపెట్టొచ్చు. "సార్, ఒక్క నిమిషం ఆగండి" అనడం నేర్చుకోవడానికి సెన్సర్లు అక్కర్లేదు.