అటకమీది కొమ్ము

సికింద్రాబాదు నుండి వాడికి 1874లో వేసిన రైలుదారి తాండూరు, బషీరాబాదు ప్రాంతము గుండ పోవుచున్నది. పొట్టకూటికై పట్టణము చేరువారు ఆ దారినే పోవుదురు. బాల్యమున జాతరలం దిత్తడి కొమ్మూదిన యొకడు నడివయస్సున నూరికి మరలివచ్చి, అటకమీది కొమ్మును దింపె ననుకొందము.

చిలుము వదలించుటకు చింతపండు చాలును; పూటలో నిత్తడి మెరయును. కాని కొమ్మునకు స్వరరంధ్రములు లేవు, మీటలు లేవు. ఊపిరియు, పెదవుల బిగువును కలిసియే నాదమును పుట్టింపవలెను. బిగువు హెచ్చినకొలది స్వరము పైకెక్కును. అభ్యాసము మానిన పెదవులు సడలును. తొలినాడు వట్టి గాలియే వెడలును. దినదినమును కొంచెము కొంచెముగ నెలల తరబడి సాధించినగాని పూర్వపు పలుకు చేకూరదు.

ఇందు మనము గ్రహింపవలసిన దొకటి కలదు. వాద్యమును అద్దపు బీరువాలో దాచినంతమాత్రమున విద్య నిలువదు, దాగున దిత్తడియే. జాతరకు లౌడుస్పీకరు కుదుర్చు గ్రామపెద్దలు, ఆ వ్యయములో నొక పాలు కొమ్మూదువారి కేల కేటాయింపరాదు? పిలుపున్నచో నతడు సాధన చేయును. అతని ప్రక్క నొక బాలుడు నేర్చును. పిలుచువారు లేనినాడు కొమ్మునకు మెరుగేల?