గ్రూ తల్లి పెదవి విరుపు

అనంతసాగరంలో మా మద్రసా పిల్లలు ఒకనాడు వాదనకు దిగారు. చరిత్రలోని దుర్మార్గులను వెదకి వెదకి కొలిచిన పసుపుపచ్చ ‘మినియన్లు’ హిట్లర్ కాలంలో ఎక్కడున్నారు? వారించబోయిన మేమే చివరకు 2015 నాటి ఆ కార్టూన్ చిత్రం చూశాము. నెపోలియన్ సేనకు భయపడి మంచుగుహలో దాగిన వారు 1968 వరకు అందులోనే ఉన్నారు. నవ్వులాటకైనా ఆ నరహంతకుని కొలువుకు పంపడానికి మనసొప్పకనే చిత్రకారులు ఇలా అల్లారని అభిమానుల ఊహ. ఊహే కావచ్చు, మాకు నచ్చింది.

2010 నాటి ‘డెస్పికబుల్ మీ’ మమ్మల్ని మరింత ఆలోచింపజేసింది. అందులో గ్రూ చంద్రుణ్ణే దొంగిలించబూనుతాడు. చిన్ననాడు చంద్రునిపైకి వెళతానని కలగని, రాకెట్టు చేసి చూపితే తల్లి పెదవి విరిచింది. అది దొంగతనానికి కారణం కావచ్చు, అనుమతి కాదు. యూసుఫ్ (అలైహిస్సలాం) అన్నల అసూయకు మూలమేమిటో దివ్యఖుర్ఆన్ తెలుపుతుంది. వారి నేరాన్ని మాత్రం తేలిక చేయదు.

మొన్న ఒక పిల్లవాడు తోటివాని పెన్ను దొంగిలించాడు. బెత్తం అందుకోబోయి ఆగి, కూర్చోబెట్టి అడిగాము. తండ్రి మూడేళ్ళుగా కువైట్‌లో ఉన్నాడు. వాడు కంఠస్థం చేసినది వినే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు. పెన్ను వాని చేతనే తిరిగి ఇప్పించాము. మగ్రిబ్ తరువాత ఫోను కలిపి, వాని సూరాను తండ్రికి వినిపించాము.