మూగవోయిన పెండ్లి డి.వి.డి.లు

మన కోనసీమలో బీరువా పైయరనో, పాత ట్రంకుపెట్టె యడుగుననో పెండ్లినాటి డి.వి.డి. యొకటి దాగియుండని యిల్లు అరుదు. 2000 దాటిన పిమ్మట పది పదునైదేండ్లపాటు అమలాపురమునను, రాజోలునను, కొత్తపేటయందును జరిగిన పెండ్లిండ్లు, ఓణీల వేడుకలు, షష్టిపూర్తులు పెక్కులు ఈ వెండిబిళ్లల మీదనే నిలిచియున్నవి. కువైటునకు బ్రతుకుతెరువునకై పోయిన బిడ్డలకు తమ్ముని పెండ్లి చూపినవియు నివియే. నేడా బిళ్లను కంప్యూటరులో నుంచినచో, "ఇది ఖాళీ" యని యది పలుకుచున్నది. అంతట పిల్లలు పాడైనదని తేల్చివేయుదురు. పిమ్మట నది పెరటి జామచెట్టున పిట్టలను బెదరించుటకై వ్రేలాడును! ఈ తొందరపాటును గూర్చియే సోదరీమణులకు మా విన్నపము.

కంప్యూటరు ఖాళీ యన్నంతమాత్రమున బిళ్ల ఖాళీ కాదు. దాని మెఱుగువైపును వెలుతురునకు వంచి చూడుడు. వ్రాత లోపలి యంచున మొదలై వెలుపలికి సాగును గాన, లోపలినుండి కొంతదూరము రంగు వేఱై వలయమువలె కన్పట్టినచో అందు వ్రాత యున్నదన్నమాట. మఱి కంప్యూటరున కేల తెలియదు? ఇంటి రికార్డరుగాని, ఎనిమిది సెంటీమీటర్ల చిన్నబిళ్ల పట్టు చేతికెమేరాగాని మొదట బొమ్మలను మాత్రమే వ్రాసికొనిపోవును. పని ముగిసిన పిదప "ఫైనలైజు" అను మీట నొక్కినగాని విషయసూచికయు, సమాప్తిచిహ్నమును బిళ్లపై పడవు. అవి లేకున్నను వ్రాసిన యంత్రము తన గుఱుతులనుబట్టి తాను చదువుకొనును, పరయంత్రము చదువజాలదు. ఆశ్వాసాంతగద్య లేని తాళపత్రప్రతిని చూచి, ఇది యే గ్రంథమో, ముగిసినదో లేదో తెలియక పండితుడు ప్రక్కనుంచినట్లే యిదియు. పద్యములన్నియు నందే యుండును సుమా!

మా యెఱుకలో రాజోలు వైపు ఇల్లాలి కిట్టి బిళ్ల యొకటి యుండెను. అందు కాలము చేసిన ఆమె తల్లి అప్పగింతలనాడు పాడిన పాట కలదు. ఆ పాట ఏ పుస్తకమునను అచ్చుపడలేదు. కూతునకు రెండు చరణములకు మించి రాదు. కంప్యూటరు ఖాళీ యనుటయే గాక, బిళ్లను వాడుకకు సిద్ధము చేయుదునా యని కూడ నడిగెను. ఆమె వలదని బయటికి తీసెను. ఆ యొక్క మాట పాటను కాపాడినది. పిమ్మట నన్నగారి యింటి యటకమీద నాటి రికార్డరు దొరకెను. దానిలో నుంచగనే బొమ్మ కదలినది. ఫైనలైజు చేయుటకు కొలది నిమిషములు పట్టినవి; నాటినుండి బిళ్ల ఏ కంప్యూటరునందైనను ఆడుచున్నది.

ఇట చెప్పవలసిన హెచ్చరికలు రెండు కలవు. రికార్డరు మెనూలో "ఫైనలైజు", "ఫార్మాటు" అను మాటలు పలుమాఱు ఇరుగుపొరుగున నుండును. రెండవది కొన్ని రకముల బిళ్లలను తుడిచిపెట్టును. కన్నద్దము పెట్టుకొనియే నొక్కుడు. పని నడుమ కరెంటు పోయినచో బిళ్లకే ముప్పు. మన యూళ్ల సంగతి తెలిసినదే గదా, ఇన్వర్టరు ఉన్నప్పుడే మొదలిడుట మేలు. రికార్డరు పాతసామానులవానికి పోయియున్నచో, ఫైనలైజు కాని బిళ్లలను సైతము చదువు సాఫ్టువేరులు కలవు, ఐసోబస్టరు అందొకటి.

బిళ్లలో ఫైళ్లు కన్పట్టియు బొమ్మ రాకున్నచో దోషము వేఱు. 2012లో వచ్చిన విండోసు 8 మొదలు డి.వి.డి. ఆడించు శక్తిని ఆ కంప్యూటరులతో ఉచితముగా నిచ్చుట మానివేసిరి. వి.ఎల్.సి. అను ప్లేయరును దింపుకొన్నచో చాలును. దానికి రొక్కము పనిలేదు. క్రొత్త ల్యాప్‌టాపులకు బిళ్లపెట్టు అరయే యుండదు గాన యు.ఎస్.బి. డ్రైవు నొకదానిని నాలుగిండ్లవారు కలిసి కొనవచ్చును. ఒక డ్రైవు నిరాకరించిన బిళ్లను మఱియొకటి చదువుట కలదు. రెండు మూడింట చూడక ఆశ వదలరాదు. చిన్నబిళ్లను మాత్రము సన్నని చీలికలోనికి మ్రింగు డ్రైవులలో ఉంచకుడు, చిక్కుకొనును.

ఇక బిళ్ల ఆయువు. ఇంట వ్రాసిన డి.వి.డి.లో వ్రాతను మోయునది యొక రంగుపూత. ఎండయు నుక్కయు దానికి పగ. మన శ్రావణమాసపు చెమ్మకు బిళ్లపై బూజు పట్టుటయు వింత గాదు. మెత్తని నూలుగుడ్డను మంచినీట తడిపి, నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలయును. పళ్లెము తోమినట్లు గుండ్రముగా తిప్పరాదు: వ్రాత చుట్టలుగా నుండును గాన, చుట్టువెంట పడిన గీత వరుసగా పెక్కు మాటలను మ్రింగును, అడ్డుగీత ఒక్కొక్కచోట కొంచెమే కొఱుకును. పైని కాగితపు చీటి యంటింపకుడు. బరువు తప్పి బిళ్ల తిరుగునప్పుడు వణకును.

బిళ్ల ఒకసారి ఆడినదా, ఆ దినమే నకలు తీయుడు. తాటాకు ప్రతులు మనదాక వచ్చుట ఆకు గట్టిదనముచే గాదు, తరతరమునకు వ్రాయసకాండ్రు తిరుగవ్రాయుటచే. "వీడియో_టి.ఎస్." అను ఫోల్డరును పూర్తిగా హార్డుడిస్కులోనికి దింపుడు. అందలి పెద్దఫైళ్లు ఒక్కొక్కటి సుమారు ఒక జి.బి. వఱకుండును, పెండ్లి వానిలో తునుకలై యుండును గాన ఏ యొక్కదానిని విడువరాదు. వాట్సాపులో పంపిన వీడియో ముచ్చటకు చాలును గాని నకలుగా పనికిరాదు. బొమ్మయు గొంతును పలుచబడును. రెండవప్రతిని వేఱొక యింట నుంచుడు. లంకగ్రామములలోని వారైనచో, గోదావరి నీరు చేరని మిట్టయూరి చుట్టముల యింట.