పదిహేను దెబ్బలు తిప్పికొట్టిన చేయి

సూరత్ రింగ్ రోడ్‌లోని బట్టల మార్కెట్లో మా చీరల బేరం ముగిసేసరికి, పిల్లలు ఫోనులో ఒక పాత పందెం చూస్తూ కనిపించారు. అది 2004లో అమెరికాలో జరిగిన ఈవో పోటీల్లోని స్ట్రీట్ ఫైటర్ వీడియో ఆట. జపాను క్రీడాకారుడు దైగో ఉమెహారా నడిపే బొమ్మకు ప్రాణం అడుగంటింది. దెబ్బ తగిలినా, ఊరికే కాచుకున్నా ఓటమే. జస్టిన్ వాంగ్ వరుసగా కురిపించిన 15 దెబ్బలకూ ఆయన సరిగ్గా ఆయా క్షణాలలోనే జాయ్‌స్టిక్‌ను ముందుకు నెట్టి, తిప్పికొట్టి గెలిచారు. తుదిపోరులో మాత్రం ఓడారు.

మమ్ములను ఆకట్టుకొన్నది ఆ తరువాతి కథ. ఆయన కొంతకాలానికి ఈ ఆట మాని, మాజాంగ్ అనే పలకల ఆటను ఆశ్రయించి, దానినీ విడిచి, వృద్ధుల సంరక్షణలో ఉద్యోగిగా కుదురుకొన్నారు. జీతానికి పనిచేసే మనబోటి వారికి ఆ నిర్ణయం సబబుగానే తోచును. 2008లో స్ట్రీట్ ఫైటర్ 4 వెలువడిన పిదప తిరిగి వచ్చి, 2009, 2010లలో వరుసగా ఈవో విజేతగా నిలిచారు. ముప్పైకి చేరువలో వృత్తి క్రీడాకారుడైనారు.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఈ ఆటలో స్వర్ణం గెలిచిన కొరియా వాసి కిమ్ గ్వాన్-వూ వయస్సు 44. అది వినగానే మా సహోద్యోగి ఒకరు పిల్లవాని చేతిలోని ఫోను అందుకొన్నారు. చీరల బిల్లు కట్టవలసినదీ ఆయనే.