తాళపుచెవులు లేని పెత్తనము

ఇంటి పెత్తన మొకరికిచ్చి, కొట్టుగది తాళపుచెవులు మాత్రము మరియొకరి మొలను వ్రేలాడు సంసారములను మన మందరము చూచియే యున్నాము. అట్టి పెత్తనమును గైకొన్న కోడలు లోలోపల కుములుచు కాలము గడుపును. లేదా నాలుగునాళ్లలో మూల గూర్చుండును. లేదా తెగించి, మీ పెత్తనము మీరే యుంచుకొనుడని చెప్పివేయును. ఈ మూడవది అరుదు. ఫ్రాన్సుదేశమున నొక ఫుట్‌బాలు క్లబ్బునందు 2014వ సంవత్సరమున నీ మూడవదియే జరిగినది. దాని వెంటనే జరిగిన సంగతి యంతకంటెను వినదగినది. బంతియాటతో మనకేమి పనియని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురు గాక. ఇందు బంతి సంగతి తక్కువ, ఇంటి సంగతి యెక్కువ.

ఫ్రాన్సు నడిబొడ్డున, చల్లారిన యగ్నిపర్వతముల వరుస ప్రక్కను, క్లెర్మాన్ ఫెరాన్ అను పట్టణము గలదు. గణితజ్ఞుడగు పాస్కలు 1623లో జన్మించినది యిచ్చటనే. మోటారుబండ్ల టైరులు చేయు మిషెలిన్ కంపెనీ పుట్టి పెరిగినదియు నిచ్చటనే. ఆ యూరివారి మక్కువయంతయు రగ్బీ యను వేరొక యాటమీద. ఫుట్‌బాలు క్లబ్బు వారికి సవతిబిడ్డ వంటిది. పెట్టు ధనము తక్కువ, చూడవచ్చువారు తక్కువ. ఆ దేశపు రెండవ తరగతి పోటీలో నప్పట్లో నిరువది జట్లుండెడివి. ఒక్కొక్క జట్టు ఏడాదిలో 38 ఆట లాడవలసి యుండెడిది. ఏటి చివరను పట్టికలో నడుగున నున్న జట్లు మూడవ తరగతికి దిగజారును. 2013-14 పోటీలలో క్లెర్మాన్ జట్టు పట్టిక క్రింది సగముననే మిగిలినది. అప్పటి మేనేజరు వెడలిపోయెను. క్రొత్తవారిని వెదుకవలసి వచ్చినది.

మేనేజరనగా నెవరో తెలిసికొనినగాని కథ బోధపడదు. బరిలోనికి దింపవలసిన పదునొకండుగురను ఎన్నుకొనుట, ఎవ డెచ్చట నిలువవలెనో నిర్ణయించుట, దినదినము సాధన చేయించుట యాతని పని. ఈ యాటలో క్లబ్బులు ఆటగాండ్రను సొమ్మిచ్చి కొనితెచ్చుటయు, సొమ్ము పుచ్చుకొని పంపివేయుటయు గలదు. ఎవరిని తేవలెను, ఎవరిని పంపవలెను అను విషయమున మేనేజరు మాటకు విలువ యుండవలెను. ఏలయన, వారితో నాడించి గెలువవలసిన వాడాతడే. గెలిచిన ఖ్యాతి యాటగాండ్రది, ఓడిన నింద మేనేజరుది. మన వంటయింటి న్యాయమే యిది. కూర కుదిరినచో వంకాయలు లేతవందురు. కుదురనిచో వండినయామె చేతివాటము మంచిది కాదందురు.

ఆ క్లబ్బున కప్పటి అధ్యక్షుడు క్లోద్ మిషీ యనునాయన. మోటారుసైకిళ్ల పందెములు జరిపించుటయందు పేరుమోసినవాడు గాన, పదిమంది చూపును త్రిప్పుకొనుట యాయనకు వెన్నతో బెట్టిన విద్య. 2014 మే 7వ తేదీన ప్రకటన వెలువడినది: రాబోవు నేటినుండి తమ పురుషుల జట్టునకు మేనేజరు హెలెనా కోష్టా యను పోర్చుగలు వనిత. ఆమెకప్పుడు 36 ఏండ్లు. లిస్బనునందలి బెన్ఫికా క్లబ్బున బాలురకు ఆట నేర్పినది. కతారు, ఇరాను దేశముల స్త్రీల జట్లను దిద్దినది. ఐరోపాలోని పెద్ద పోటీలలో మొదటి రెండు తరగతుల పురుషుల జట్టు నొక స్త్రీ చేతికిచ్చుట యిదే మొదలని పత్రికలన్నియు చాటినవి. అంతకుముందు ఇటలీలో 1999లో కరోలినా మొరాచే యను ప్రసిద్ధ క్రీడాకారిణికి మూడవ తరగతిలోని వితెర్బేజే జట్టు నప్పగించిరి గాని, రెండే యాటలైన పిమ్మట ఆమె విరమించుకొనినది. కావున నందరి కన్నులును క్లెర్మాన్ పట్టణముమీద బడినవి. అనామకమగు నా క్లబ్బు పేరు ఫుట్‌బాలు గిట్టనివారి నోటను గూడ నాడినది.

జూను 24వ తేదీన, పని చేపట్టవలసిన దినముననే, హెలెనా కోష్టా రాజీనామా యిచ్చినది. జట్టు ఒక్క యాటయైన నాడియుండలేదు.

తన యెఱుక లేకయే యాటగాండ్రను తెచ్చిరనియు, తన్నడుగకయే సన్నాహపు టాటలు కుదిర్చిరనియు, తాను వ్రాసిన లేఖలకు క్రీడాధికారినుండి బదులు రాలేదనియు, తన్ను ప్రచారమునకై బెట్టుకొనిన ముఖము మాత్రముగా జూచిరనియు నామె పిమ్మట వెల్లడించినది. అధ్యక్షుడో, ఆమె స్త్రీ యగుటనే కారణముగా జూపు ధోరణిలో మాటలాడెను. పురుషుడు రాజీనామా యిచ్చినచో కారణ మేమని యడుగుదురు. స్త్రీ యిచ్చినచో స్త్రీ గదా యందురు. ఆ మాట చదివినప్పుడు మాకు నవ్వును వచ్చినది, కోపమును వచ్చినది.

ఐనను నిజము చెప్పవలెను. ఆమె తొందరపడినదని మొదట మేమును దలచితిమి. ఇంత యవకాశము మరల నెవరి కెప్పుడు వచ్చును, కొంచె మోర్చుకొని, ఒక్కయేడు పనిచేసి చూపి, పిమ్మట మాటలాడిన బాగుండెడిది గదా యనుకొంటిమి. మన యిండ్లలో ఆడపిల్లలకు మనము చెప్పు మాట యదియే. కాని భారతమున నరణ్యపర్వము జ్ఞప్తికి వచ్చినది. భర్తల నెట్లు వశము చేసికొంటివి, మందా, మంత్రమా యని సత్యభామ యడిగినప్పుడు, ద్రౌపది మంత్రము చెప్పలేదు. తన దినచర్య చెప్పినది. అందొక ముఖ్యమైన మాట యున్నది: పాండవుల కోశమునందలి ఆయవ్యయములు తానొక్కతెయే యెఱుగుననియు, పరివారములో నెవ రేమి చేసిరో చేయలేదో తనకే తెలియుననియు. సంసారభారమును ఆమెపై బెట్టిన మగలు లెక్కను గూడ నామె చేతనే బెట్టిరి. లెక్క తెలియనీయక భార మొక్కటియే పెట్టియున్నచో ద్రౌపదియు నిర్వహింపజాలక యుండును. హెలెనా కోష్టాకు వచ్చినది భారమే గాని లెక్క కాదు. తాను కోరని వారితో నాడించి, ఓడి, ఆడుదానికి జట్టిచ్చిన నింతే యనిపించుకొనుటకంటె ముందే తొలగుట మేలని యామె యెంచినది కాబోలు.

పోటీలు మొదలగుట కింక నైదారు వారములే గడువు. వెదకులాట మరల మొదలు. ఈ దెబ్బతో నధ్యక్షుడు పురుషునే తెచ్చునని లోక మనుకొన్నది. నాలుగు దినములు గడువకమునుపే, జూను 28వ తేదీకి, మరల నొక స్త్రీ పేరే వినవచ్చినది: కోరిన్ దియాక్ర్. ప్రచారపు మోజే యీ పనియు చేయించెనో, పట్టుదలయో, ఏదైన నగుగాక, ఎన్నిక మాత్రము మంచిది. ఈమె 1988 మొదలు 2007 వఱకు సోయో అను నొకే క్లబ్బుకు వెనుకవరుసను గాచుచు నాడినది. ఫ్రాన్సు స్త్రీల జట్టున 121 ఆట లాడి, దానికి నాయికయు నైనది. 2002 నవంబరులో నింగ్లండుమీద నీమె వేసిన గోలుచేతనే ఫ్రాన్సు స్త్రీలు మొదటిమారు ప్రపంచపోటీలలో నడుగిడ గలిగిరి. పురుషుల వృత్తిజట్లకు శిక్షణ మిచ్చుటకు వలయు ఫ్రాన్సుదేశపు టత్యున్నత పట్టాను సంపాదించిన ప్రథమ వనితయు నీమెయే.

2014 ఆగష్టు 4వ తేదీన తొలియాట, బ్రెస్తు పట్టణమున. ఆ దినము దియాక్రుకు సరిగా నలువది యేండ్లు నిండినవి. మైదానపు టంచున నామెను చిత్రించుటకు నానాదేశపు ఛాయాగ్రాహకులును మూగిరి. ఆట 2-1గా నోడిపోయిరి.

ఆ పిమ్మటి సంగతిని పత్రికలు తఱచుగా వ్రాయలేదు. మాకు మిక్కిలి రుచించినది యదియే. స్త్రీత్వమును గూర్చిన ప్రశ్నలకు దియాక్రు విసువుకొనెడిది. తన్ను శిక్షకురాలిగా జూడుడనుట యామె పట్టు. రానురాను ఛాయాగ్రాహకులు తఱిగిరి, వానలోను మంచులోను సాధన మాత్రము సాగినది. ఏటి చివరకు జట్టు 12వ స్థానమున నిలిచినది. మరుసటి యేడు 7వ స్థానము. మూడవ యేడు మరల 12. ఆ మూడేండ్లలో జట్టు క్రింది తరగతికి జారలేదు. పై తరగతికి నెక్కలేదు. 2015లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ అను పత్రిక రెండవ తరగతి శిక్షకులలో నీమెను మేటిగా నెన్నినది. చాలని రాబడితో నిల్లు గడిపి, అప్పు చేయక, పండుగనాడు పిండివంట తప్పక నడపిన యిల్లాలి నెవరు పొగడుదురు? ఆమె నేర్పు ఇరుగుపొరుగువారికి గనబడదు. ఈ ఏడును, పండ్రెండును మాకు కప్పులు గెలుచుటకంటె పెద్దవిగా దోచినవి.

మొదటియామె తలుపు విసరి వెడలిపోవుటచేతనే రెండవయామె మాట క్లబ్బులో చెల్లుబడి యయ్యెనని మా యూహ. ఒకరు వెడలిపోవుట యెంత నగుబాటో యొకసారి చూచినవారు రెండవమారు జాగ్రత్తపడుదురు.

దియాక్రు కథ యంతయు తీపియని చెప్పుట సత్యము కాదు. 2017లో నామె క్లబ్బును విడిచి ఫ్రాన్సు స్త్రీల జట్టునకు శిక్షకురాలైనది. మగవారితో మూడేండ్లు నెగ్గుకొని వచ్చినయామెకు ఆడువారితో పొత్తు కుదురలేదు. వెంది రెనా యను పేరుగాంచిన క్రీడాకారిణిని మొదటనే నాయకత్వమునుండి తొలగించి, 2021లో మరల నిచ్చినది. 2022 ఐరోపా పోటీలలో జట్టు నాలుగింట నొకటిగా నిలిచినదిగాని, 2023 ఫిబ్రవరిలో రెనాయు, మరి యిద్దరును ఈ పరిస్థితిలో నాడజాలమని తప్పుకొనిరి. మార్చి 9వ తేదీన నధికారులు దియాక్రును తొలగించిరి. కాఠిన్యము పురుషుల సొత్తు మాత్రమే కాదు. కోడలుగా బాధపడినయామె యత్తయైన పిమ్మట మెత్తబడునని పూచీ యేమి?

హాంకాంగులో 2015 డిశంబరున ఈస్టర్న్ అను క్లబ్బు, తన మేనేజరు చీనాకు వెడలిపోగా, 27 ఏండ్ల చాన్ యూయెన్-టింగ్ చేతిలో పురుషుల జట్టును బెట్టినది. 2016 ఏప్రిలులో నా జట్టు అచ్చటి యగ్రశ్రేణి పోటీని గెలిచినది. అచ్చట బయటినుండి తెచ్చిన పేరు కాదు. ఆ జట్టుతో నదివఱకే పనిచేయుచున్న పిల్ల. ఎవ డెంత పరుగెత్తగలడో యామె యెఱుగును, ఆమె మాట వారెఱుగుదురు.

ఇక హెలెనా కోష్టా. ఒక్క యాటయైన నాడింపక వెడలిపోయినయామె కింక నీ రంగమున చోటులేదని పలువు రనుకొనిరి. ఆమె జర్మనీలో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫుర్ట్ క్లబ్బు పక్షమున నూరూర దిరిగి యాటగాండ్రను పరీక్షించు పనిలో కుదురుకొనినది. అటుపిమ్మట స్వదేశమున ఎష్తోరిల్ అను క్లబ్బునకు క్రీడాధికారిణి యైనది. ఎవరిని కొనితేవలెనో, ఎవరిని పంపవలెనో నిర్ణయించు పదవి యది.